సోర్స్ ఎంఐటీ, మరి ఎక్స్‌టెన్షన్లకి తాళం ఏంటి? ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో ప్రొప్రైటరీ యాడాన్ల గొడవ

ల్యాబ్_లక్ష్మి
కాలేజీ ల్యాబులో 40 సిస్టమ్‌లు, అన్నీ డెబియన్ 12. మైక్రోసాఫ్ట్ కోడ్ ఎడిటర్ వీఎస్ కోడ్ బదులు, దాని సోర్స్‌తోనే తయారైన వీఎస్‌కోడియం పెడదామని అనుకుంటున్నాం. సిలబస్‌లో పైతాన్, సీ, సీ++ ఉన్నాయి. తీరా చూస్తే పైలాన్స్ (పైతాన్ రాయడానికి సాయం), రిమోట్ ఎస్ఎస్‌హెచ్ (వేరే సిస్టమ్‌లోని ఫైళ్లు దిద్దడానికి) రెండూ ఎక్స్‌టెన్షన్ల జాబితాలో లేనే లేవు. వీసిక్స్ ఫైలు (ఎక్స్‌టెన్షన్ ప్యాకేజీ) బయట నుంచి తెచ్చి ఎక్కించినా పైలాన్స్ మొరాయిస్తుందని అంటున్నారు. వీఎస్ కోడ్ సోర్స్ ఎంఐటీ (దాదాపు ఎలాగైనా వాడుకోనిచ్చే లైసెన్సు) అని గిట్‌హబ్‌లో స్పష్టంగా రాసి ఉంది కదా, ఇక ఈ అడ్డు ఎక్కణ్నుంచి వచ్చింది? ఇది లైసెన్సులో లొసుగా? ల్యాబుకి ఏం పెట్టమంటారు?

గోదారి_డెవ్
గిట్‌హబ్‌లో ఉన్న సోర్స్ వేరు, సైట్లో దింపుకునే డెబ్ ఫైలు వేరు. సోర్స్ పేరు కోడ్ ఓఎస్ఎస్, అది ఎంఐటీయే. మైక్రోసాఫ్ట్ దాన్ని తీసుకుని ప్రోడక్ట్ డాట్ జేసన్ అనే సెట్టింగుల ఫైలు మార్చి, లోగో, టెలిమెట్రీ (వాడకం వివరాలు పంపే కోడ్), మార్కెట్‌ప్లేస్ అడ్రసు చేర్చి బిల్డ్ చేస్తుంది. ఆ బిల్డ్‌కి ఉన్నది మైక్రోసాఫ్ట్ సొంత లైసెన్సు. కాపీరైట్ నోటీసు ఉంచితే చాలు, ఎంఐటీ దీన్ని కాదనదు. వీఎస్‌కోడియం వాళ్లు అదే సోర్స్‌ని ఆ అదనాలు లేకుండా బిల్డ్ చేసి ఎంఐటీ కిందే ఇస్తారు.

ఎక్స్‌టెన్షన్ల సంగతి మళ్లీ వేరు. మైక్రోసాఫ్ట్ మార్కెట్‌ప్లేస్ షరతుల ప్రకారం అక్కడివి విజువల్ స్టూడియో కుటుంబం ఉత్పత్తుల్లోనే వాడాలి. అందుకే కోడియం ఎక్లిప్స్ ఫౌండేషన్ నడిపే ఓపెన్ వీఎస్ఎక్స్ అనే ఎక్స్‌టెన్షన్ల జాబితా వైపు చూస్తుంది. పైలాన్స్, రిమోట్ ఎస్ఎస్‌హెచ్, లైవ్ షేర్‌లకి సోర్స్ ఇవ్వలేదు, కాబట్టి అక్కడ ఉండవు.

పైతాన్_పద్మజ
ప్రోడక్ట్ డాట్ జేసన్‌లో గ్యాలరీ అడ్రసు మార్చి మైక్రోసాఫ్ట్ మార్కెట్‌ప్లేస్ తగిలించమని ఎవరో ఒకరు చెబుతారు. ఒక సంస్థ పేరు మీద 40 సిస్టమ్‌లలో అలా చేయకండి. అది షరతుల ఉల్లంఘన. పైగా కోడియం అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఆ ఫైలు మళ్లీ మొదటికొస్తుంది.

పైతాన్‌కి బేస్డ్‌పైరైట్ పెట్టండి. పైలాన్స్ లోపల టైపులు చూసే ఇంజిన్ పైరైట్, అది ఎంఐటీ. దాని ఫోర్కే (సోర్స్ తీసుకుని విడిగా నడిపే రూపం) బేస్డ్‌పైరైట్. పైలాన్స్‌లో మాత్రమే ఉన్న సెమాంటిక్ రంగులు, ఇన్లే హింట్లు, ఇంపోర్ట్ సూచనలు వంటివి వీళ్లు మళ్లీ రాసి చేర్చారు. డీబగ్గింగ్‌కి డీబగ్‌పై, అదీ ఎంఐటీయే. ఒక జాగ్రత్త: బేస్డ్‌పైరైట్ మామూలుగా చాలా కఠినం. మొదటి ఏడాది పిల్లల ప్రోగ్రాం నిండా పసుపు గీతలే కనబడి బెదిరిపోతారు. టైప్ చెకింగ్ మోడ్‌ని "బేసిక్"కి మార్చి ఇవ్వండి.

సీ_శీను
సీ, సీ++ సంగతి నేను చెప్తా. మైక్రోసాఫ్ట్ సీ++ ఎక్స్‌టెన్షన్ ఇంకో రకం. రిపాజిటరీ చూస్తే ఎంఐటీ, లోపల పనిచేసే లాంగ్వేజ్ సర్వర్ (కోడ్ చదివి తప్పులు చూపే ప్రోగ్రాం) బైనరీకి మాత్రం వేరే లైసెన్సు. ఫోర్కుల్లో వాడకూడదన్న షరతు ముందు నుంచీ ఉంది. 2025 ఏప్రిల్‌లో ఆ షరతుని ఎక్స్‌టెన్షన్ లోపలే తనిఖీగా పెట్టారు, దాంతో కర్సర్ లాంటి ఫోర్కుల్లో పని ఆగిపోయింది. అంతకుముందు నడిచింది కాబట్టి అనుమతి ఉందని అనుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

దాని బదులు మీకు క్లాంగ్‌డీ (కోడ్ తనిఖీకి), కోడ్ ఎల్ఎల్‌డీబీ (డీబగ్గింగ్‌కి) రెండూ ఓపెన్ వీఎస్ఎక్స్‌లో దొరుకుతాయి. ఎక్కించేటప్పుడు రెండు చోట్ల తేడా వస్తుంది.

సిస్టమ్‌లో జీసీసీ మాత్రమే ఉండి జీ++ లేకపోతే ఐఓస్ట్రీమ్ దొరకలేదని క్లాంగ్‌డీ ఎర్ర గీత పెడుతుంది. అది జీసీసీ కొత్త వెర్షన్ ఫోల్డరుని వెతికి పట్టుకుంటుంది. ఆ వెర్షన్‌కి సరిపడే లిబ్ ఎస్‌టీడీ సీ++ డెవ్ ప్యాకేజీ కూడా ఉండాలి.

రెండోది, మేక్‌ఫైల్ ప్రాజెక్టులకి ఏ ఫ్లాగులతో కంపైల్ అవుతోందో దానికి తెలియదు. "బేర్" ప్యాకేజీ ఎక్కించి మేక్‌ని దాని ద్వారా నడిపితే కంపైల్ కమాండ్స్ ఫైలు తయారవుతుంది. ల్యాబ్ ప్రోగ్రాములకి అంత అక్కర్లేదు. ఫోల్డర్‌లో కంపైల్_ఫ్లాగ్స్ టెక్స్ట్ ఫైలు ఒకటి పెట్టి, లైనుకొకటి చొప్పున వాల్, ఎస్‌టీడీ=సీ++17 ఫ్లాగులు రాస్తే చాలు.

ల్యాబ్_లక్ష్మి
శీను గారూ, ఇది చాలా పనికొచ్చింది. 40 సిస్టమ్‌లకి ఎక్స్‌టెన్షన్లు ఒకేసారి ఎలా ఎక్కించాలి? ల్యాబులో ఇంటర్నెట్ అంతంతమాత్రం.

రూట్_రాజేశ్
ఓపెన్ వీఎస్ఎక్స్ నుంచి వీసిక్స్ ఫైళ్లు ఒకసారి దింపి ల్యాబ్ సర్వర్‌లో పెట్టండి. లాగిన్ స్క్రిప్టులో కోడియం ఇన్‌స్టాల్ ఎక్స్‌టెన్షన్ కమాండ్‌కి ఆ ఫైలు పాత్ ఇస్తే సరి. ఒక సిస్టమ్‌లో ఎక్కించిన ఎక్స్‌టెన్షన్స్ ఫోల్డర్‌ని కొత్త యూజర్లకి నమూనాగా ఉండే ఎట్సీ స్కెల్‌లోకి కాపీ కొట్టకండి. అందులో ఉండే ఎక్స్‌టెన్షన్స్ డాట్ జేసన్‌లో పాత యూజరు హోమ్ పాత్ మొత్తం రాసి ఉంటుంది, కొత్త యూజరు దగ్గర తప్పు చోటు చూపిస్తుంది.

రిమోట్‌కి "ఓపెన్ రిమోట్ ఎస్ఎస్‌హెచ్" ఉంది. సర్వర్ వైపు ఎస్ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్‌లో ఎలౌ టీసీపీ ఫార్వర్డింగ్ "ఎస్" అని ఉండాలి. చాలా కాలేజీ సర్వర్లలో భద్రత పేరుతో అది "నో" చేసి ఉంచుతారు. కనెక్ట్ అయినట్టే అయి మధ్యలో ఆగిపోతే మొదట చూడాల్సింది అదే.

కెర్నెల్_కామేశం
ల్యాబ్ పని అయిందిగానీ "లొసుగా?" అన్న ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. నా లెక్కలో ఇది లొసుగు కాదు. ఎంఐటీ రాసినవాళ్లే మూసిన ఉత్పత్తులకి వాడుకోవచ్చని తెలిసి రాశారు. లొసుగు అంటే లైసెన్సు ఉద్దేశం ఒకటై, అక్షరం పట్టుకుని ఇంకొకటి చేయడం. అసలు సిసలు లొసుగులు, పంచేటప్పుడు సోర్స్ కూడా ఇవ్వాలనే జీపీఎల్ లైసెన్సు చుట్టూ ఉన్నాయి.

సోర్స్_సీత
కామేశం గారితో సగమే ఒప్పుకుంటా. లైసెన్సు పరంగా తప్పేమీ లేదు, నిజమే. కానీ ఓపెన్ సోర్స్ అన్న పేరు చూసి కోట్లమంది వచ్చి చేరారు, వాళ్లకి రోజూ కావాల్సిన భాగాలు మాత్రం మూసి ఉంచారు. ఎడిటర్‌ని ఫోర్క్ చేయొచ్చు, చుట్టూ ఉన్న ఎక్స్‌టెన్షన్ల బజారుని ఫోర్క్ చేయలేం. ఆండ్రాయిడ్ కూడా ఇంతేగా. ఏఓఎస్‌పీ (ఆండ్రాయిడ్ ఓపెన్ సోర్స్ భాగం) అపాచీ లైసెన్సు, ప్లే సర్వీసెస్ మాత్రం మూసిన సరుకు. ఏఓఎస్‌పీ ఒక్కటే ఎక్కించిన ఫోనులో నోటిఫికేషన్ల నుంచి బ్యాంకు యాప్‌ల దాకా ఎన్ని ఆగిపోతాయో వాడినవాళ్లకి తెలుసు.

భాగ్యనగర్_బైట్
జీపీఎల్ అయి ఉంటే ఈ బాధ తప్పేదా?

కెర్నెల్_కామేశం
తప్పేది కాదు. రెండు కారణాలు. మొదటిది, కాపీరైట్ మొత్తం తన చేతిలో ఉన్నవాడికి తన జీపీఎల్ తనకే వర్తించదు. బయటివాళ్ల ప్యాచ్‌లకి సీఎల్ఏ (కోడ్ హక్కులిచ్చే ఒప్పందం) సంతకం తీసుకునేది ఎక్కువగా అందుకే. రెండోది, పైలాన్స్ వేరే ప్రాసెస్‌గా నడుస్తుంది, ఎడిటర్‌తో జేసన్ ఆర్‌పీసీ సందేశాలతో మాట్లాడుతుంది. విడి ప్రాసెస్‌లు పైపులు, సాకెట్ల ద్వారా మాట్లాడుకుంటే మామూలుగా అవి విడి ప్రోగ్రాములే అని జీపీఎల్ రాసిన ఎఫ్ఎస్ఎఫ్ వాళ్ల ఎఫ్ఏక్యూ కూడా అంటుంది. 3డీ బొమ్మల ప్రోగ్రాం బ్లెండర్‌లో ఇలా కాదు. అక్కడ యాడాన్ బీపీవై అనే పైతాన్ లైబ్రరీ ద్వారా అదే ప్రాసెస్‌లో నడుస్తుంది కాబట్టి యాడాన్ కూడా జీపీఎల్‌కి లోబడాలని బ్లెండర్ ఫౌండేషన్ చెబుతుంది. డబ్బుకి అమ్ముకోవచ్చు, కొన్నవాడు పంచుకుంటే మాత్రం ఆపలేరు.

లినక్స్ కెర్నెల్లో ఈ ఆట ఎప్పణ్నుంచో ఉంది. కెర్నెల్‌లో ఎక్కే ప్రతి మాడ్యూల్ (డ్రైవర్ వంటి ముక్క) "మాడ్యూల్ లైసెన్స్" అనే మ్యాక్రోలో తన లైసెన్సు పేరు చెప్పుకోవాలి. ఎక్స్‌పోర్ట్ సింబల్ జీపీఎల్ అని గుర్తు పెట్టిన ఫంక్షన్లు జీపీఎల్‌కి సరిపడే పేరు చెప్పినవాళ్లకే దొరుకుతాయి. దీన్ని దాటడానికి చేసిన పనులు చూడండి.

2004లో లినక్సాంట్ అనే మోడెమ్ డ్రైవర్ల కంపెనీ ఆ మ్యాక్రోలో జీపీఎల్ అని రాసి, వెంటనే ఒక సున్నా బైటు పెట్టి, ఆ తర్వాత అది ఫలానా ఫోల్డర్‌లోని ఫైళ్లకే అని రాసింది. సీ భాషలో స్ట్రింగ్ సున్నా బైటు దగ్గర ముగుస్తుంది. కెర్నెల్‌కి కనబడింది జీపీఎల్ అన్న మూడక్షరాలే. మనిషి సోర్స్ తెరిచి చూస్తేగానీ మిగతా సగం తెలియదు.

ఇంకోటి మధ్యవర్తి మాడ్యూల్. జీపీఎల్ అని చెప్పుకునే చిన్న మాడ్యూల్ ఒకటి రాసి, అది జీపీఎల్ సింబల్స్ (ఆ గుర్తున్న ఫంక్షన్లు) తీసుకుని వెనకున్న మూసిన మాడ్యూల్‌కి అందించడం. 2020లో వచ్చిన 5.9 కెర్నెల్ ఆ దారి మూసింది. ప్రొప్రైటరీ మాడ్యూల్ నుంచి సింబల్ తీసుకున్న మాడ్యూల్‌కి కూడా అదే మచ్చ (టెయింట్ అనే గుర్తు) అంటుకుంటుంది, ఇక జీపీఎల్ సింబల్స్ దొరకవు.

రూట్_రాజేశ్
ఆ మచ్చ మన సిస్టమ్‌లో ఉందో లేదో ఎవరైనా చూసుకోవచ్చు. ప్రాక్ ఫోల్డర్లో సిస్, అందులో కెర్నెల్, అందులో టెయింటెడ్ అనే ఫైలుని క్యాట్ చేయండి. 0 వస్తే శుభ్రం. ప్రొప్రైటరీ మాడ్యూల్‌కి 1, కెర్నెల్ ట్రీ బయట బిల్డ్ చేసినదానికి 4096, సంతకం లేనిదానికి 8192. ఉన్నవన్నీ కూడి చూపిస్తుంది. సంతకం లేని పాత ఎన్విడియా మాడ్యూల్ ఎక్కితే 12289 వస్తుంది. అదే 12288 వస్తే లైసెన్సు మచ్చ లేదు, మిగతా రెండు ఉన్నాయి. ఈ 1 ఉన్న సిస్టమ్ నుంచి క్రాష్ రిపోర్టు పంపితే, ఆ మాడ్యూల్ తీసేసి మళ్లీ చూపించమని కెర్నెల్ వాళ్లు అడుగుతారు. మూసిన కోడ్ మెమరీలో ఏం చేసిందో వాళ్లకి తెలిసే దారి లేదు కదా.

భాగ్యనగర్_బైట్
మరి ఎన్విడియా తన మూసిన గ్రాఫిక్స్ డ్రైవర్‌ని అన్నేళ్లు ఎలా నడిపింది? కెర్నెల్ జీపీఎల్ వెర్షన్ 2 కదా.

కెర్నెల్_కామేశం
పంచేటప్పుడే జీపీఎల్ షరతులు మొదలవుతాయి, ఆ సందులోంచే నడిపింది. ముందే కంపైల్ చేసిన బైనరీ ముక్క ఒకటి, దాన్ని కెర్నెల్‌తో కలిపే పొర సోర్స్ ఒకటి విడివిడిగా ఇస్తారు. డీకేఎంఎస్ అనే పనిముట్టు మన సిస్టమ్ మీద రెంటినీ కలుపుతుంది. కలిపింది మనం, మన వాడకానికి. మనం పంచలేదు కాబట్టి ఉల్లంఘన లేదని వాదన. ఆ బైనరీ ముక్క మొదట వేరే సిస్టమ్‌లకి రాసింది కాబట్టి లినక్స్ నుంచి పుట్టింది కాదన్నది రెండో వాదన. కెర్నెల్ రాసేవాళ్లలో చాలామంది ఈ రెంటినీ ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను.

2022 మేలో ఎన్విడియా వాళ్లు కెర్నెల్ మాడ్యూళ్ల సోర్స్‌ని ఎంఐటీ, జీపీఎల్ రెండు లైసెన్సుల కింద విడుదల చేశారు. ట్యూరింగ్ తరం, ఆ తర్వాతి కార్డులకే. చాలా పని కార్డు లోపలి జీఎస్‌పీ అనే ప్రాసెసర్ ఫర్మ్‌వేర్‌లోకి వెళ్లిపోయింది, పైన కూడా లైబ్రరీలు మూసే ఉన్నాయి.

ఈఆర్‌పీ_ఈశ్వర్
కెర్నెల్ సంగతి అలా ఉంచితే, మన దగ్గర చిన్న కంపెనీలకి ఎక్కువగా తగిలేది వ్యాపార నిర్వహణ సాఫ్ట్‌వేర్ ఓడూ. 2015లో వచ్చిన ఓడూ 9 నుంచి కమ్యూనిటీ ఎడిషన్ ఎల్‌జీపీఎల్ 3 (జీపీఎల్‌కి సడలించిన రూపం), ఎంటర్‌ప్రైజ్ మాడ్యూల్స్ సొంత లైసెన్సు. సోర్స్ రెంటికీ కనబడుతుంది, పైతాన్ కదా. కనబడుతోంది కదా అని ఎంటర్‌ప్రైజ్ ఫోల్డర్ కాపీ చేసి కస్టమర్‌కి పెట్టేసే ఫ్రీలాన్సర్లు కొల్లలు. సబ్‌స్క్రిప్షన్ లేకుండా అది వాడే హక్కు ఎవరికీ లేదు.

ఎవరైనా మీకు ఓడూ ఇన్‌స్టాల్ చేసి అప్పగిస్తే ఈ పని చేయండి. యాడాన్స్ ఫోల్డర్లలో ఉన్న అన్ని మానిఫెస్ట్ ఫైళ్లలో "లైసెన్స్" అన్న లైను గ్రెప్ కమాండ్‌తో వెతకండి. ఓఈఈఎల్ 1 అని వస్తే ఎంటర్‌ప్రైజ్, బిల్లు అడగండి. ఓపీఎల్ 1 అని వస్తే ఎవరో అమ్మిన యాప్, కొన్న రసీదు మీ పేరు మీద ఉండాలి. ఏజీపీఎల్ 3 (జీపీఎల్‌కి ఇంకా కఠినమైన రూపం) అని వస్తే ఎక్కువగా ఓసీఏ (ఓడూ కమ్యూనిటీ సంఘం) మాడ్యూల్.

తర్వాత "డిపెండ్స్" లైను చూడండి. ఓపీఎల్ మాడ్యూల్ ఏజీపీఎల్ మాడ్యూల్ మీద ఆధారపడి ఉంటే అక్కడే ఇబ్బంది. రెండూ ఒకే పైతాన్ ప్రాసెస్‌లో, ఒకదాని క్లాసులు ఇంకొకటి వారసత్వంగా తీసుకుని నడుస్తాయి. కలిపి పంచేటప్పుడు రెండు లైసెన్సులూ ఒకేసారి నెరవేరే మార్గం లేదు.

బెజవాడ_వెబ్
వర్డ్‌ప్రెస్‌లోనూ ఇదే వాదన. ప్లగిన్లు, థీముల పీహెచ్‌పీ కోడ్ జీపీఎల్ కిందికి వస్తుంది, సీఎస్ఎస్, బొమ్మలు రానక్కర్లేదు అని సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ లా సెంటర్ 2009లోనే అభిప్రాయం రాసిచ్చింది. దాన్ని పట్టుకునే కొందరు థీములు సగం జీపీఎల్, సగం సొంతం అని అమ్ముతారు. ఇంకో వైపు "జీపీఎల్ క్లబ్బులు" అని ప్రీమియం ప్లగిన్లు 200 రూపాయలకి ఇచ్చేవాళ్లు. పీహెచ్‌పీ జీపీఎల్ అయితే మళ్లీ పంచడం చట్టబద్ధమే. కాకపోతే అప్‌డేట్ కీ ఉండదు, లైసెన్సు తనిఖీ తీసేసిన చోట ఇంకేం పెట్టారో తెలియదు. వర్డ్‌ప్రెస్ కమాండ్ పనిముట్టు డబ్ల్యూపీ సీఎల్ఐలో ప్లగిన్ వెరిఫై చెక్‌సమ్స్ ఉందిగా అంటారేమో, అది వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్‌లో ఉన్న ప్లగిన్లకే పనిచేస్తుంది. ప్రీమియంకి అసలు కాపీ పక్కన పెట్టుకుని డిఫ్ తీయడం (తేడాలు పోల్చడం) తప్ప వేరే దారి లేదు. ఈవాల్, బేస్64 డీకోడ్ (దాచిన కోడ్‌ని విప్పి నడిపే ఫంక్షన్లు) కలిసి కనబడిన ఫైలుని మొదట చూడండి.

క్లౌడ్_కావ్య
సర్వర్ల వైపు ఇంకో సందు ఉంది. జీపీఎల్ ప్రోగ్రాం మార్చి వెబ్‌సైట్‌గా నడిపితే పంచినట్టు కాదు, సోర్స్ ఇవ్వనక్కర్లేదు. దానికి మందుగా 2007 నవంబరులో ఏజీపీఎల్ 3 వచ్చింది. అందులో 13వ సెక్షన్ ప్రకారం నెట్‌వర్క్ ద్వారా వాడేవాళ్లకీ సోర్స్ అందుబాటులో ఉంచాలి. చాలామంది గమనించని మాట: ప్రోగ్రాంని మీరు మార్చితేనే ఆ సెక్షన్ పనిచేస్తుంది. మార్చకుండా నడిపితే రాదు. అందుకే కొన్ని కంపెనీలు ఏజీపీఎల్ భాగాన్ని ముట్టుకోకుండా, తమ తెలివంతా ముందున్న వేరే సర్వీసులో పెడతాయి.

డేటాబేస్ కంపెనీ మాంగోడీబీ ఇది చాలదని 2018 అక్టోబరులో ఎస్ఎస్‌పీఎల్ అనే సొంత లైసెన్సుకి మారింది. సర్వీసుగా అమ్మితే చుట్టూ ఉన్న మేనేజ్‌మెంట్, బ్యాకప్ సాఫ్ట్‌వేర్ సోర్స్ మొత్తం ఇవ్వమంటుంది. ఓపెన్ సోర్స్ లైసెన్సులకి ముద్ర వేసే ఓఎస్ఐ దగ్గర ఆమోదానికి పెట్టి 2019లో వెనక్కి తీసుకున్నారు. డెబియన్ దాన్ని తీసేసింది. సెర్చ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఎలాస్టిక్ 2021లో అదే బాట పట్టి, 2024లో ఏజీపీఎల్‌ని కూడా చేర్చింది. ఇంకో డేటాబేస్ రెడిస్ కూడా 2024 మార్చిలో లైసెన్సు మార్చింది, వాల్కీ ఫోర్క్ పుట్టింది, 2025లో రెడిస్ 8 ఏజీపీఎల్‌తో వచ్చింది.

సోర్స్_సీత
కావ్య గారూ, వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. పెద్ద క్లౌడ్ కంపెనీలు తీసుకుని అమ్ముకుంటుంటే రాసినవాళ్లకి మిగిలేది లేదు. అయినా ఎస్ఎస్‌పీఎల్ మందు కాదు. ఎవరూ పాటించలేని షరతు పెట్టి కమర్షియల్ లైసెన్సు కొనిపించడమే అది. ఏజీపీఎల్‌కి తిరిగొచ్చిన రెండు ఉదాహరణలు మీరే ఇచ్చారు.

నల్లమల_నెట్
ఇళ్లలో ఉన్న డబ్బాల గురించి ఎవరూ మాట్లాడరేం? ఫైబర్ కనెక్షన్‌తో వచ్చే రూటర్, సెట్‌టాప్ బాక్స్, టీవీ, వీటిలో ఎక్కువ భాగం లినక్స్, బిజీబాక్స్ (చిన్న కమాండ్ల కట్ట) తోనే నడుస్తాయి. జీపీఎల్ 2 మూడో సెక్షన్ ప్రకారం సోర్స్ పక్కనే ఇవ్వాలి, లేదా కనీసం 3 ఏళ్లు చెల్లే రాతపూర్వక హామీ ఇవ్వాలి. 2003లో లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రూటర్ విషయంలో అలా అడిగితేనే సోర్స్ బయటికొచ్చింది. రూటర్లకి ఎక్కించే ఫ్రీ ఫర్మ్‌వేర్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పుట్టింది దాంట్లోంచే.

భాగ్యనగర్_బైట్
టీవీ రికార్డర్ల కంపెనీ టీవో గొడవ ఇదేనా?

నల్లమల_నెట్
దగ్గరిదే. టీవో సోర్స్ ఇచ్చింది. కానీ దాన్ని మార్చి బిల్డ్ చేస్తే డబ్బా ఒప్పుకోదు, కంపెనీ సంతకం ఉన్న కెర్నెల్ మాత్రమే బూట్ అవుతుంది. అందుకే 2007 జూన్‌లో వచ్చిన జీపీఎల్ 3 ఆరో సెక్షన్‌లో, ఇంటి వాడకం వస్తువులైతే మార్చిన సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి కావాల్సిన కీలతో సహా సమాచారం ఇవ్వాలని పెట్టారు. ఫ్యాక్టరీ యంత్రాలకి అది వర్తించదు. లినక్స్ కెర్నెల్ జీపీఎల్ 2లోనే ఉండిపోయింది కాబట్టి దానికీ వర్తించదు.

సీ_శీను
మా రూటర్ కంపెనీ అడిగితే ఒక జిప్ పంపింది. బిల్డ్ అవ్వట్లేదు. ఏం చూడాలి?

నల్లమల_నెట్
జిప్‌లో మూడు ఉన్నాయా చూడండి: కెర్నెల్ డాట్ కాన్ఫిగ్, బిజీబాక్స్ డాట్ కాన్ఫిగ్, ఇమేజ్ తయారుచేసే స్క్రిప్టులు. కంపైలేషన్‌ని, ఇన్‌స్టలేషన్‌ని నడిపే స్క్రిప్టులు కూడా సోర్స్ కిందికే వస్తాయని జీపీఎల్ 2లో రాసి ఉంది. అవి లేకపోతే మళ్లీ రాయండి, ఫర్మ్‌వేర్ వెర్షన్ నంబరు వేసి మరీ అడగండి. ఉత్త కెర్నెల్ టార్‌బాల్ పంపి ఊరుకోవడం మామూలే. పరికరంలో ఉన్న ఇమేజ్‌ని బిన్‌వాక్ అనే పనిముట్టుతో విప్పి, బిజీబాక్స్ వెర్షన్ జిప్‌లో ఉన్నదానితో కలుస్తోందో లేదో కూడా చూడండి.

అన్నీ ఉండి బిల్డ్ అయినా వైఫై రాకపోవచ్చు. వైఫై డ్రైవర్ ఎక్కువసార్లు మూసిన డాట్ కేఓ (కంపైల్ చేసిన మాడ్యూల్) ఫైలుగానే ఉంటుంది. దాని మీద మాడ్‌ఇన్ఫో కమాండ్ నడిపితే వెర్‌మ్యాజిక్ అనే లైను వస్తుంది. అందులో ఉన్న కెర్నెల్ వెర్షన్, ఎస్ఎంపీ, ప్రీఎంప్ట్ వంటి గుర్తులన్నీ మీ కెర్నెల్‌తో అచ్చంగా కలవాలి, లేకపోతే ఎక్కదు. బలవంతాన ఎక్కించినా లోపలి స్ట్రక్చర్లు తేడా వచ్చి క్రాష్ అవుతుంది. అంటే ఆ ఒక్క మూసిన మాడ్యూల్ కోసం రూటర్ మొత్తం పదేళ్ల నాటి కెర్నెల్ దగ్గరే ఆగిపోతుంది, భద్రతా ప్యాచ్‌లు ఎన్ని వచ్చినా సరే.

రూట్_రాజేశ్
అందుకే కొత్తది కొనేటప్పుడు కంపెనీ పేరు కన్నా లోపలి చిప్ చూడండి. మీడియాటెక్ వైఫైకి ఎంటీ76 డ్రైవర్ మెయిన్‌లైన్ (అసలు) కెర్నెల్లోనే ఉంది. బ్రాడ్‌కామ్ అయితే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో వైఫై సరిగా నడుస్తుందని ఆశ పెట్టుకోకండి. ఫ్లాష్ 16 ఎంబీ, ర్యామ్ 128 ఎంబీకి తగ్గితే వద్దు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ హార్డ్‌వేర్ పట్టికలో మోడల్ పేరుతో పాటు రివిజన్ నంబరు కూడా కలవాలి. ఒకే పేరుతో వీ1లో ఒక చిప్, వీ2లో ఇంకో చిప్ పెట్టి అమ్ముతారు. రివిజన్ డబ్బా అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది, షాపులో తిప్పి చూసి తీసుకోండి.

సీ_శీను
మాడ్‌ఇన్ఫో చూశా. వెర్‌మ్యాజిక్ 2.6.36 అని ఉంది.

నల్లమల_నెట్
అయితే ఆ జిప్‌లో ఇచ్చిన కెర్నెల్‌నే బిల్డ్ చేయాలి. జీసీసీ కూడా ఆ కాలం నాటిదే కావాలి, ఇప్పటి జీసీసీతో 2.6.36 కంపైల్ అవదు, కంపైలర్ వెర్షన్ హెడర్ ఫైలు దొరకలేదని మొదట్లోనే ఆగిపోతుంది. జిప్‌లో టూల్‌చెయిన్ (కంపైలర్, దాని పనిముట్లు) ఫోల్డర్ ఉంటే అదే వాడండి. 32 బిట్ బైనరీలైతే డెబియన్‌లో ఐ386 ఆర్కిటెక్చర్ చేర్చి లిబ్‌సీ ఎక్కించుకోవాలి. లాగ్‌లో ఆగిన చోటు ఇక్కడ పెట్టండి, చూద్దాం.